అమెరికాలో తుపాకీ గాయమైతే పరిహారం ఎవరిని, ఎలా అడగాలి

గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గరో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో మనవాళ్లకి బుల్లెట్ తగిలిందన్న వార్త రాగానే వాట్సాప్ గ్రూపుల్లో మొదట తిరిగేది విరాళాల లింకు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ లింకు తిరుగుతున్న వారంలోనే, చట్టప్రకారం రావాల్సిన డబ్బుకి పనికొచ్చే ఆధారాలు ఒక్కొక్కటిగా మాయమవుతుంటాయి. కెమెరా రికార్డింగ్ చెరిగిపోతుంది. రక్తం అంటిన చొక్కా చెత్తబుట్టలో పడుతుంది. స్టోర్ ఓనర్ వచ్చి “మా దగ్గర పని చేస్తున్నావని చెప్పకు” అని చెవిలో చెప్పి వెళ్తాడు.

2018 జూలైలో కాన్సస్ సిటీలో ఒక రెస్టారెంట్‌లో పని చేస్తున్న తెలంగాణ విద్యార్థిని కాల్చి చంపారు. 2023 జనవరిలో చికాగోలో దోపిడీ దొంగల కాల్పుల్లో ఒక తెలుగు విద్యార్థి చనిపోయాడు, ఇంకొకరు గాయపడ్డారు. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ మనం పోలీసులు ఎవరిని పట్టుకున్నారు అన్నదే చూస్తాం. డబ్బు విషయంలో మాత్రం కాల్చినవాడి మీద ఆశ పెట్టుకోవద్దు. వాడు దొరకచ్చు, దొరక్కపోవచ్చు. దొరికినా వాడి జేబులో ఏమీ ఉండదు. డబ్బు రావాల్సింది వేరే చోట్ల నుంచి: రాష్ట్ర ప్రభుత్వ బాధితుల నిధి, యజమాని తీసుకున్న వర్కర్స్ కాంపెన్సేషన్ ఇన్సూరెన్స్, సంఘటన జరిగిన స్థలం యజమాని. వీటిలో దేని గడువు దానిదే. ఒకదాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఇంకోదాని గడువు అయిపోతుంది.

ఇది గాయపడ్డవాళ్ల కోసమే అయినా, ఆస్పత్రి బయట కుర్చీలో కూర్చున్న రూమ్మేట్ ముందుగా చదవాలి. మొదటి రోజుల్లో తిరగాల్సింది అతనే.

ముందు కేసు నంబరు

బుల్లెట్ గాయంతో ఎవరొచ్చినా పోలీసులకి చెప్పాలని చాలా రాష్ట్రాల్లో ఆస్పత్రుల మీద నిబంధన ఉంది. అందుకని పోలీసులు ఎలాగూ వస్తారు. వాళ్లు వచ్చారు కదా అని ఊరుకోకండి. రిపోర్ట్ నంబరు, డిటెక్టివ్ పేరు, ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి. ఇక్కడి నుంచి ప్రతి ఫారంలోనూ ఆ నంబరే అడుగుతారు. పేషెంటు మాట్లాడగలిగే స్థితికి వచ్చాక తన నోటితో స్టేట్‌మెంట్ ఇవ్వాలి. పోలీసులకి సహకరించలేదన్న మాట రికార్డులో పడితే బాధితుల నిధి దరఖాస్తు తిరస్కరించడానికి అదొక్కటే చాలు. ఇంగ్లిష్ తడబడుతుంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఫోన్‌లోనైనా ఏర్పాటు చేస్తారు.

పేషెంటు స్పృహలో ఉండగానే రెండు సంతకాలు చేయించండి. ఒకటి, వైద్య వివరాలు ఫలానా స్నేహితుడికి చెప్పొచ్చని ఇచ్చే అనుమతి పత్రం. ఇది లేకపోతే గోప్యతా నిబంధనల పేరుతో ఆస్పత్రి మీకు ఒక్క ముక్క కూడా చెప్పకపోవచ్చు. రెండోది పవర్ ఆఫ్ అటార్నీ. అది ఉంటే బ్యాంకు, ఇన్సూరెన్సు, యూనివర్సిటీ పనులు అతని తరఫున మీరు చూడొచ్చు.

గాయం ఫొటోలు వారానికోసారి, తేదీ తెలిసేలా తీయండి. వేసుకున్న బట్టలు పోలీసులు తీసుకెళ్లకపోతే ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టండి. ఆస్పత్రికి వెళ్లిన ఊబర్ రసీదు దగ్గర్నుంచి మందుల బిల్లు వరకు అన్నీ ఒక ఫోల్డర్‌లో వేయండి. నిద్ర పట్టకపోవడం, పెద్ద శబ్దం వినపడితే వణుకు, చెయ్యి పైకి లేవకపోవడం లాంటివి రోజూ రెండు లైన్లు రాసుకోండి. ఏడాదిన్నర తర్వాత లాయరు అడిగినప్పుడు ఇవేవీ గుర్తుండవు.

ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం ఏమీ పెట్టకండి. “ఐ యామ్ ఫైన్” అని నవ్వుతూ పెట్టిన ఫొటోని అవతలి లాయరు కోర్టులో చూపిస్తాడు.

ఆస్పత్రి బిల్లు చూసి బెదిరిపోవద్దు

డబ్బు లేదని ఎమర్జెన్సీ వైద్యం ఆపకూడదని 1986 నుంచి అమెరికాలో ఫెడరల్ చట్టం ఉంది. కాబట్టి సర్జరీ అవుతుంది. బిల్లు తర్వాత వస్తుంది, అది లక్షల డాలర్లలో ఉండొచ్చు. క్రెడిట్ కార్డు మీద కట్టడం మొదలుపెట్టకండి. ముందు స్టూడెంట్ ఇన్సూరెన్సో, కంపెనీ ఇన్సూరెన్సో ఉంటే దానికి పంపమనండి. ఆ తర్వాత ఆస్పత్రి సోషల్ వర్కర్‌ని కలిసి ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం అడగండి. లాభాపేక్ష లేని ఆస్పత్రులకి ఇలాంటి పథకం తప్పనిసరి. డిశ్చార్జి తర్వాత మొదటి బిల్లు వచ్చిన తేదీ నుంచి కనీసం 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి. ఈ ఫారం సంగతి వాళ్లంతట వాళ్లు గట్టిగా చెప్పరు, మీరే అడగాలి.

బాధితుల నిధి: మనవాళ్లు వదిలేసే డబ్బు

నేరానికి గురైనవారికి డబ్బిచ్చే పథకం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. 1965లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది. 1984లో వచ్చిన ఫెడరల్ చట్టంతో కేంద్రం నుంచి కూడా సొమ్ము అందడం మొదలైంది. ఆ ఫెడరల్ నిధిలోకి వచ్చేది నేరస్థుల దగ్గర వసూలు చేసిన జరిమానాలు. ఇది ఎవరి దయా కాదు, అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. నిందితుడు దొరకకపోయినా అడగొచ్చు. లాయరు కూడా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో మీరే నింపొచ్చు.

“మేం సిటిజన్లం కాదు కదా” అనే మాట చాలామంది దగ్గర వింటాను. చాలా రాష్ట్రాల్లో అది అడ్డు కాదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) అయినా హెచ్-1బీ (ఉద్యోగ వీసా) అయినా దరఖాస్తు చేయొచ్చు. అయితే మొత్తాలూ గడువులూ రాష్ట్రాన్ని బట్టి మారతాయి. టెక్సస్‌లో దీన్ని అటార్నీ జనరల్ ఆఫీసు చూస్తుంది. మామూలుగా 50,000 డాలర్ల వరకు, శాశ్వత వైకల్యం లాంటి తీవ్ర గాయమైతే ఇంకో 75,000 వరకు ఇస్తుంది. గడువు మూడేళ్లు. కాలిఫోర్నియాలో పరిమితి 70,000 డాలర్లు, గడువు ఏడేళ్లు. ఇల్లినాయిస్‌లో 45,000. న్యూయార్క్‌లో వైద్య ఖర్చులకి పరిమితే లేదు. సంఘటన ఏ రాష్ట్రంలో జరిగిందో ఆ రాష్ట్రంలోనే దరఖాస్తు చేయాలి. మీ యూనివర్సిటీ మిజోరిలో ఉండి, కాల్పులు కాన్సస్ వైపు జరిగితే కాన్సస్‌లోనే. పోలీసులకి 72 గంటల్లోపు తెలియజేసి ఉండాలని కొన్ని రాష్ట్రాలు పట్టుబడతాయి. గాయం వల్ల ఆలస్యమైతే ఆ కారణం రాయండి.

ఇందులో వచ్చేవి వైద్య ఖర్చులు, ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్, పోయిన జీతం, కొన్ని చోట్ల ఇల్లు మారే ఖర్చు, మనిషి పోతే అంత్యక్రియల ఖర్చు. పడ్డ బాధకి, పోయిన ఫోనుకి, కారుకి సాధారణంగా ఏమీ రాదు. ఇంకో సంగతి: ఈ నిధి అందరికంటే చివర్లో ఇస్తుంది. ఇన్సూరెన్సు, వర్కర్స్ కాంపెన్సేషన్ ఇవ్వగా మిగిలిన దానికే ఇది. అయినా వాటి కోసం ఆగకుండా దరఖాస్తు ముందే పడేయండి, బిల్లులు తర్వాత జత చేయొచ్చు. డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది.

మొదటిసారి తిరస్కరిస్తే ఉత్తరంలో కారణం చూడండి. పోలీసు రిపోర్టు అందలేదనో, బాధితుడి తప్పు కూడా ఉందనో రాస్తారు. రిపోర్టు అందకపోవడం తేలిగ్గా సరిచేయగలిగిందే. రెండోదానికి డిటెక్టివ్ నుంచి ఒక ఉత్తరం ఉపయోగపడుతుంది. అప్పీలు గడువు అదే ఉత్తరంలో ఉంటుంది. ప్రాసిక్యూటర్ ఆఫీసులో విక్టిమ్ అడ్వకేట్ అని ఒకరు ఉంటారు. ఫారాలు నింపడంలో సాయం చేయడమే వాళ్ల పని, ఫీజు ఉండదు.

డ్యూటీలో ఉండగా తగిలితే

స్టోర్‌లో, రెస్టారెంట్‌లో, హోటల్‌లో పని చేస్తుండగా తగిలిన బుల్లెట్, చట్టం దృష్టిలో, చాలావరకు పనిలో తగిలిన గాయమే. అప్పుడు వర్కర్స్ కాంపెన్సేషన్ వర్తిస్తుంది. యజమాని తప్పుందా లేదా అన్న ప్రశ్నే రాదు. వైద్యం మొత్తం, పని చేయలేని రోజులకి సాధారణంగా సగటు వారం జీతంలో మూడింట రెండొంతులు, వైకల్యం మిగిలితే దానికి వేరుగా వస్తుంది. దానికి బదులుగా యజమాని మీద నిర్లక్ష్యం కేసు వేసే హక్కు పోతుంది.

యజమానికి రాతపూర్వకంగా చెప్పండి. ఒక మెసేజ్ అయినా సరే: ఫలానా తేదీ, ఫలానా సమయం, షిఫ్టులో ఉండగా కాల్పుల్లో గాయపడ్డాను. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో దీనికి 30 రోజులు, ఇల్లినాయిస్‌లో 45 రోజులు గడువు. ఆ తర్వాత రాష్ట్ర బోర్డు దగ్గర క్లెయిమ్ వేయాలి, దానికి టెక్సస్‌లో ఏడాది గడువు. టెక్సస్‌లో ఇంకో తిరకాసు ఉంది: అక్కడ ప్రైవేటు యజమానికి ఈ ఇన్సూరెన్సు తప్పనిసరి కాదు. లేదని తేలితే నిరుత్సాహపడకండి. అలాంటి యజమాని మీద నేరుగా కోర్టుకి వెళ్లొచ్చు, పైగా “ఉద్యోగిదీ తప్పుంది” అనే వాదన అతనికి చెల్లదు.

ఇప్పుడు అసలు టెన్షన్ గురించి. ఎఫ్-1 మీద ఉండి క్యాంపస్ బయట, అనుమతి లేకుండా, క్యాష్‌కి పని చేసేవాళ్లు మనలో ఉన్నారని అందరికీ తెలుసు. కాల్పులు జరగ్గానే ఓనర్ (చాలాసార్లు మనవాడే) “కస్టమర్‌గా వచ్చానని చెప్పు, బిల్లులు నేను చూసుకుంటా” అంటాడు. మొదటి బిల్లు చూశాక ఆ ఓనర్ ఫోన్ ఎత్తడం మానేస్తే, మీ చేతిలో మిగిలేది పోలీసులకి ఇచ్చిన అబద్ధపు స్టేట్‌మెంట్. అది నేరం. దాంతో వర్కర్స్ కాంపెన్సేషన్ పోతుంది, ఇమిగ్రేషన్‌లోనూ మీ మాటకి విలువ పోతుంది. అలాగని తొందరపడి ఉద్యోగ వివరాలున్న ఫారాల మీద సంతకాలూ పెట్టొద్దు. అనుమతి లేని పని వీసా స్టేటస్‌ని దెబ్బతీస్తుంది, ఇది నిజం. చాలా రాష్ట్రాల్లో అనుమతి లేని ఉద్యోగికి కూడా వర్కర్స్ కాంపెన్సేషన్ వర్తిస్తుంది, ఇదీ నిజమే. ఈ రెండిటినీ కలిపి చూసి చెప్పగలిగేది ఇమిగ్రేషన్ లాయరే. క్లెయిమ్ వేయడానికి ముందు గంట సేపు కన్సల్టేషన్‌కి డబ్బు పెట్టండి. అప్పటిదాకా అబద్ధం చెప్పకండి. అవసరమైతే “లాయర్‌తో మాట్లాడి చెబుతాను” అనండి.

స్థలం యజమాని బాధ్యత

పెద్ద మొత్తం వచ్చే అవకాశం ఏదైనా ఉంటే అది ఇక్కడే. పార్కింగ్‌లో లైట్లు నెలల తరబడి వెలగలేదు, గేటు విరిగి ఉంది, అంతకుముందు అక్కడే దోపిడీలు జరిగాయి, అయినా అపార్ట్‌మెంట్ మేనేజ్‌మెంట్ పట్టించుకోలేదు అని చూపించగలిగితే, భద్రతలో నిర్లక్ష్యం అన్న కారణంతో దావా వేయొచ్చు. కేసు అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇలా జరగచ్చని యజమాని ముందే ఊహించి ఉండాల్సిందా? మొట్టమొదటిసారి జరిగిన సంఘటనైతే కష్టం. అదే చిరునామాకి గత రెండు మూడేళ్లలో పోలీసులు ఎన్నిసార్లు వచ్చారో సమాచార హక్కు లాంటి ఓపెన్ రికార్డ్స్ దరఖాస్తుతో బయటికి తీయొచ్చు. అందులో పాత దోపిడీలు, కాల్పులు కనబడితే లాయర్లకి ఆసక్తి పుడుతుంది.

అన్నిటికంటే తొందరగా పోయేది సీసీటీవీ. కొన్ని సిస్టమ్‌లు కొద్ది రోజులకే పాత రికార్డింగ్ మీద కొత్తది రాసేస్తాయి. ఫలానా తేదీ వీడియో, సెక్యూరిటీ రికార్డులు, మెయింటెనెన్స్ ఫిర్యాదులు చెరపవద్దని స్థలం యజమానికి, పక్క షాపులకి వెంటనే ఉత్తరం పంపించండి. లాయరు పంపితే బలం ఎక్కువ, కానీ లాయరు దొరికేదాకా ఆగకుండా మీరే ఈమెయిల్ పంపేయండి. అద్దెకున్నవాళ్లు లైట్ల గురించి, గేటు గురించి ఇదివరకు పెట్టిన మెయిల్స్, మెసేజ్‌లు కూడా వెతికి దాచండి.

చట్టం ఈ మధ్య కొన్ని చోట్ల యజమానుల వైపు మొగ్గింది. ఫ్లోరిడాలో 2023 నుంచి నిర్ణీత కెమెరాలు, లైట్లు, తాళాలు పెట్టిన అపార్ట్‌మెంట్లకి రక్షణ దొరికింది. దావా గడువు కూడా నాలుగేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గింది. జార్జియాలో 2025 చట్టంతో ఇలాంటి కేసులు గెలవడం ఇంకా కష్టమైంది. మన జనాభా ఎక్కువగా ఉన్న టెక్సస్, కాలిఫోర్నియా, ఇల్లినాయిస్, న్యూజెర్సీ, జార్జియాల్లో గాయాల దావాకి మామూలు గడువు రెండేళ్లు. టెన్నెసీలో ఒక్క ఏడాదే. ప్రభుత్వ స్థలమైనా, పోలీసు కాల్పులైనా ముందుగా నోటీసు ఇవ్వాలి. న్యూయార్క్‌లో దానికి 90 రోజులు, కాలిఫోర్నియాలో ఆరు నెలలు. ఇక్కడే చాలా మంచి కేసులు పోతాయి.

పనిలో ఉండగా గాయమైనవాళ్లు కూడా ఇది చూడాలి. మీ యజమాని మీద వేయలేకపోయినా, ఆ ప్లాజా ఓనరు వేరైతే, సెక్యూరిటీ కంపెనీ వేరైతే వాళ్ల మీద వేయొచ్చు.

కాల్చినవాడు, తుపాకీ తయారీదారు

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథేలో బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద కాల్పులు జరిగాయి. కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయారు, ఆయన స్నేహితుడూ, అడ్డుపడిన స్థానికుడూ గాయపడ్డారు. కాల్చినవాడికి 2018లో రాష్ట్ర కోర్టూ, ఫెడరల్ కోర్టూ రెండూ జీవిత ఖైదు వేశాయి. కానీ శిక్ష ఎంత పెద్దదైనా దానివల్ల బాధితుడి బిల్లు తీరదు. క్రిమినల్ కేసులో జడ్జి నష్టం కట్టమని ఆదేశించవచ్చు. ఆ ఆదేశం కోసం మీ ఖర్చుల లెక్క ప్రాసిక్యూటర్‌కి ఇచ్చి ఉంచండి, వసూలవుతుందని మాత్రం లెక్క వేసుకోకండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. స్నేహితుడి ఇంట్లో తుపాకీ చూస్తుండగా పొరపాటున పేలితే ఆ ఇంటి హోమ్‌ఓనర్స్ ఇన్సూరెన్సు ఇచ్చే అవకాశం ఉంది. కావాలని కాల్చినదానికి ఆ పాలసీ వర్తించదు, ప్రమాదానికి వర్తించవచ్చు. స్నేహితుడి మీద కేసా అని మొహమాటపడతారు. డబ్బిచ్చేది పాలసీ, అతను కాదు.

తయారీ కంపెనీ మీద వేద్దామని అడిగేవారికి: 2005 నాటి ఫెడరల్ చట్టం తుపాకీ కంపెనీలకి పెద్ద గొడుగు. తుపాకీలోనే లోపం ఉన్నా, అమ్మకంలో చట్టం తప్పినా మినహాయింపులున్నాయి. 2022లో శాండీ హుక్ పాఠశాల కాల్పుల బాధితుల్లో తొమ్మిది కుటుంబాలకి రెమింగ్టన్ అనే తుపాకీ కంపెనీ తరఫు నుంచి 7.3 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ వచ్చింది, కానీ దానికి ఏళ్లు పట్టింది. మామూలు దోపిడీ కేసులో ఈ దారి వెతకడం దండగ.

వీసా పనులు కూడా ఇదే వారంలో

చదువుతున్నవాళ్లు తరగతులకి వెళ్లలేకపోతే క్రెడిట్లు తగ్గించుకునే ముందే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డాక్టర్ ఉత్తరంతో అనుమతి తీసుకోండి. వైద్య కారణంతో ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల వరకు తగ్గింపు ఇవ్వొచ్చు. అనుమతి లేకుండా తరగతులు మానేస్తే స్టేటస్ పోతుంది, బుల్లెట్ తగిలిందన్న కారణం చెప్పినా వెనక్కి రావడం తలనొప్పి. ఓపీటీ (చదువు తర్వాత కొంతకాలం పని చేసే అనుమతి) మీద ఉన్నవాళ్లు పని లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే అన్న లెక్క గుర్తుపెట్టుకోవాలి. తల్లిదండ్రుల వీసాకి ఆస్పత్రి ఉత్తరం జత చేసి హైదరాబాద్ కాన్సులేట్‌లో ఎమర్జెన్సీ అపాయింట్‌మెంట్ అడగండి. అమెరికాలోని తెలుగు సంఘం తానా నడిపే టీమ్ స్క్వేర్ లాంటి వాలంటీర్లకి ఇవన్నీ అలవాటైన పనులే.

యూ వీసా గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. తీవ్ర దాడికి గురై, దర్యాప్తులో సహకరించినవారికి అది ఉంది. పోలీసులో ప్రాసిక్యూటరో సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ సంతకం జరిగిన ఆరు నెలల్లో దరఖాస్తు చేయాలి. ఏడాదికి 10,000 మాత్రమే కాబట్టి నిరీక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. దీనికోసం స్టోర్లలో ఉత్తుత్తి దోపిడీలు ఆడించారని 2023లో మాసచూసెట్స్‌లో భారతీయుల మీద ఫెడరల్ కేసులు పడ్డాయి. అలాంటివాళ్ల వల్ల నిజంగా గాయపడ్డవాళ్లనీ అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది.

లాయరు, సంతకం

గాయాల కేసు లాయర్లు ముందుగా ఫీజు తీసుకోరు. గెలిస్తే మూడో వంతు, కోర్టుదాకా వెళ్తే 40 శాతం దాకా తీసుకోవడం మామూలు. కారు యాక్సిడెంట్లు మాత్రమే చేసే లాయరు కాకుండా, భద్రతా నిర్లక్ష్యం కేసులు ఇంతకుముందు చేసినవారిని అడగండి. కేసు ఖర్చులు ఫీజు లెక్కకి ముందు తీస్తారా తర్వాతా, ఓడిపోతే ఆ ఖర్చులు ఎవరివి అని సంతకానికి ముందే తేల్చుకోండి. ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి, మొదటి మాటలకి సాధారణంగా డబ్బు తీసుకోరు. ఆస్పత్రి మంచం దగ్గరికే వచ్చి కార్డు ఇచ్చినవాడిని మాత్రం పక్కన పెట్టండి.

అవతలి ఇన్సూరెన్సు మనిషి ఫోన్ చేసి మాటలు రికార్డు చేస్తానంటే ఒప్పుకోకండి. చెక్కుతో పాటు వచ్చే రిలీజ్ కాగితం మీద సంతకం పెడితే ఆ తర్వాత ఎన్ని సర్జరీలు పడినా అడగడానికి ఉండదు. ఇంకా లోపల బుల్లెట్ ముక్క ఉంటే, నరం కోలుకుంటుందో లేదో డాక్టరు చెప్పకపోతే సెటిల్‌మెంట్‌కి తొందరపడవద్దు.

సెటిల్‌మెంట్ అంకె చూసి ఇంటికి ఫోన్ చేయడానికి ముందు అందులోంచి ఎవరెవరికి పోతుందో లాయరుతో రాయించుకోండి. ఆస్పత్రి తన బిల్లుకి లీన్ (పరిహారం డబ్బులోంచి ముందు తమకి కట్టాలన్న హక్కు) పెట్టి ఉంటుంది, కంపెనీ ఇన్సూరెన్సు తాను కట్టింది వెనక్కి అడుగుతుంది, బాధితుల నిధికీ తిరిగి కట్టాలి. ఇల్లినాయిస్‌లో వైద్య లీన్లన్నీ కలిపి 40 శాతం దాటకూడదని చట్టం ఉంది. మిగతా చోట్ల లాయరు బేరమాడి తగ్గించాలి, తగ్గిస్తారు కూడా. శరీర గాయానికి వచ్చిన పరిహారం మీద అమెరికాలో ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. అవతలివాడికి శిక్షగా వేసిన అదనపు మొత్తం మీద, వడ్డీ మీద ఉంది. కాబట్టి ఏ మొత్తం దేనికో సెటిల్‌మెంట్ కాగితంలోనే విడివిడిగా రాయించండి.